నలుగురిలో నోరు పెగలదు. థెరపీకి వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

చివరి_బెంచీ
వయసు 27. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. పని బాగా చేస్తాడనే పేరుంది, నోరు తెరవాల్సి వస్తేనే కష్టం. పొద్దున స్టాండప్ మీటింగ్‌లో నా వంతు వచ్చేలోపే గుండె దడ, నోరు ఎండిపోతుంది. చెప్పాల్సింది రెండు ముక్కలు. అవి నోట్‌ప్యాడ్‌లో రాసుకుని, మ్యూట్‌లో ఒకటికి రెండుసార్లు చదువుకుని అప్పుడు చెప్తాను. మధ్యలో ఎవరైనా ప్రశ్న వేశారా, అంతే సంగతులు.

షేర్ ఆటోలో "అన్నా, ఇక్కడ ఆపు" అనడానికి గొంతు రాదు. ఇంకెవరైనా ఆపమన్నప్పుడు దిగి, వెనక్కి నడుచుకుంటూ వస్తాను. బ్యాంకులో క్లర్కు చూస్తుండగా సంతకం పెట్టాలంటే చెయ్యి వణుకుతుంది, అందుకని అన్నీ ఫోన్‌లోనే కానిచ్చేస్తాను. పెళ్లిళ్లకు వెళ్లడం ఎప్పుడో మానేశాను. ఇప్పుడు సొంత బాబాయి కూతురి పెళ్లి వస్తోంది, తప్పించుకునే దారి లేదు.

ఆమధ్య ఒక పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులో చేరాను. అద్దం ముందు నిలబెట్టి "నేను సాధించగలను" అని గట్టిగా అరిపించేవారు. అక్కడున్నంతసేపూ హుషారుగానే ఉండేది, బయటికొస్తే మళ్లీ మామూలే. ఇప్పుడు ఒక ఫ్రెండు సైకాలజిస్టు దగ్గరికి వెళ్లమంటున్నాడు. దీనికి నిజంగా థెరపీ ఉందా? అక్కడ ఏం చేస్తారు? మాట్లాడలేనివాణ్ని మాటలతో ఎలా బాగుచేస్తారు?

కడప_కారం
ఇది రోగం కాదప్పా, మొగమాటం. అందరికీ ఉంటాది. నలుగురిలో పడి తిరుగు, అదే పోతాది. డాక్టరు దగ్గరికి పోతే ఏదో ఒక పేరు పెట్టి పంపిస్తాడు.

ఓరుగల్లు_పోరి
కడప అన్నా, నలుగుర్ల తిరుగుడే అయితలేదని కదా ఆయన అడిగేది. ఈత రానోన్ని బాయిల దుంకుమన్నట్టుంది.

నాకు గిట్లనే ఉండె. వైవా ఉన్నదంటే ముందురోజు రాత్రంత నిద్ర ఉండకపోవు. మొహమాటమంటే కొత్తోళ్ల ముంగట జెరసేపు జంకి, తర్వాత కలిసిపోవుడు. నాకు ఆ కలిసిపోవుడే లేకుండె. ఫంక్షన్ వారం ఉందనంగనే కడుపునొప్పి షురూ. పోయొచ్చినంక ఇంకో వారం "గా మాట ఎందుకన్న, ఆమె ఏమనుకున్నదో" అని అదే మతిలకొస్తుండె. పీజీల మా మేడం చెప్తే థెరపీకి పోయిన. ఇప్పుడు డిగ్రీ కాలేజీల పాఠం చెప్తున్న. భయం పూర్తిగ పోయిందా అంటే లేదు, కానీ అది నన్ను ఇంట్ల కూసోబెడ్తలేదు.

గోదారి_గట్టు
మొదటి పోస్టులో ఆ ఆటో ముక్క నాదేనండి బాబూ. నేనొక్కణ్నే అలా చేస్తాననుకున్నాను ఇన్నాళ్లూ.

నెల్లూరు_చేప
+1. నేను కండక్టర్ని చిల్లర అడగలేక ఎంత డబ్బు వదిలేశానో.

క్లినిక్_కబుర్లు
విశాఖలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఎవరికి జబ్బుందో ఎవరికి లేదో ఇక్కడ తేల్చను, పద్ధతి ఏమిటో మాత్రం చెప్తాను.

నలుగురూ చూస్తారు, తప్పు పడతారు, నవ్వుతారు అన్న భయం ఆర్నెల్లో అంతకంటే ఎక్కువో వదలకుండా ఉండి, చదువుకో ఉద్యోగానికో మనుషులతో కలవడానికో అడ్డం పడుతుంటే దాన్ని సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ కింద చూస్తాం. చాలామందిలో హైస్కూలు వయసులోనే మొదలవుతుంది. కడప గారన్న మొహమాటానికీ దీనికీ తేడా ఓరుగల్లు గారు నాకంటే బాగా చెప్పారు.

ఇక థెరపీ. ఎక్కువగా చేసేది సీబీటీ, అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే పద్ధతి. అందులో కబుర్లు తక్కువ, చేతలు ఎక్కువ. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకు ముందుగా ఇదే ఇవ్వమంది. అందులో క్లార్క్, వెల్స్ అనే సైకాలజిస్టుల పద్ధతి అయితే 90 నిమిషాల సెషన్లు 14 వరకు, సుమారు నాలుగు నెలల్లో. అంటే ఏళ్ల తరబడి సోఫాలో పడుకుని చిన్ననాటి సంగతులు చెప్పుకోవడం కాదు.

చివరి_బెంచీ గారూ, మీరు రాసినదాంట్లోనే అసలు సంగతి ఉంది. రెండు ముక్కలకు నోట్‌ప్యాడ్, ఆటోలో ఇంకొకరు ఆపేదాకా చూడటం, బ్యాంకు పని ఫోన్‌లో కానివ్వడం. వీటిని సేఫ్టీ బిహేవియర్స్ అంటారు. వీటివల్ల ఆ పూటకు గండం గడుస్తుంది. కానీ ఆ గండం నిజంగా ఉందా లేదా అన్నది మీకు ఎప్పటికీ తెలియదు. "రాసుకున్నాను కాబట్టే బయటపడ్డాను" అని మనసు లెక్క కట్టుకుంటుంది. అందుకే ఏళ్లుగా రోజూ మీటింగుల్లో మాట్లాడుతున్నా భయం తగ్గలేదు. మీకు సాధన తక్కువేమీ కాలేదు, ఊతకర్రలు వదలకుండా చేశారు.

మేం చేయించే ప్రయోగం ఒకటి చెప్తాను. కొత్త మనిషితో ఐదు నిమిషాల చొప్పున రెండుసార్లు మాట్లాడమంటాం. మొదటిసారి మీరు మామూలుగా చేసేవన్నీ చేయాలి: తర్వాతి వాక్యం మనసులో కూర్చుకోవడం, చేతులు దాచుకోవడం, గొంతు ఎలా ఉందో గమనించుకోవడం. రెండోసారి అవన్నీ వదిలేసి దృష్టంతా ఎదుటి మనిషి మీద, వాళ్ల మాట మీద పెట్టాలి. రెండూ వీడియో తీస్తాం. చూపించే ముందు "మీ చెయ్యి ఎంత వణికి ఉంటుంది? చేసి చూపించండి" అంటాం. వాళ్లు చూపించే వణుకు చాలా పెద్దది. వీడియోలో దానిలో పదో వంతు కూడా ఉండదు. పైగా రెండోసారే బాగా మాట్లాడారని వాళ్లకే అర్థమవుతుంది. నేను గంటసేపు ఎంత ధైర్యం చెప్పినా రాని మార్పు ఆ వీడియోతో వస్తుంది.

రిటైర్డ్_మాస్టారు
నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా కాలంలో ఈ జబ్బులు లేవు. ఇంటినిండా మనుషులు, వీధి అరుగు మీద పదిమంది, మాట్లాడక తప్పేది కాదు. బడిలో ప్రార్థన సమయంలో రోజుకొకరి చేత వార్తలు చదివించేవాణ్ని, శనివారం పద్యాలు. బిడియస్థుడని ఎవరినీ వదల్లేదు. అందులో ఒకడు ఇప్పుడు లాయరు. ఇప్పటి పిల్లలకు మైకు ముందు నిలబడే అవకాశమే లేదు, చేతిలో ఫోను తప్ప. సాధన చేయించండి, చాలు.

నిశ్శబ్ద_తరంగం
మాస్టారూ, మీమీద గౌరవంతోనే చెప్తున్నాను. నాకు నత్తి ఉంది. ఏడో తరగతిలో ప్రార్థనలో వార్తలు చదువుతూ "రాష్ట్రపతి" దగ్గర ఆగిపోయాను. రా... రా... అంటూ ఉండిపోయాను. స్కూలంతా నవ్వింది, చదవమన్న సారు కూడా నవ్వారు. పదో తరగతి అయ్యేదాకా నా పేరు "రారా". ఆ తర్వాత క్లాసులో జవాబు తెలిసినా చెయ్యెత్తలేదు. హాజరు పిలిచేటప్పుడు "ప్రెజెంట్ సార్" అనలేక ఆబ్సెంట్ వేయించుకున్న రోజులున్నాయి. ఆ సాధన నన్ను బాగుచేయలేదు, ఇంకా లోపలికి తోసింది.

గోదారి_గట్టు
చదివితే కడుపు తరుక్కుపోయిందండి.

క్లినిక్_కబుర్లు
మాస్టారూ, "మా కాలంలో లేవు" అన్నది మాత్రం నిలవదు. లండన్‌లో మార్క్స్, గెల్డర్ అనే డాక్టర్లు 1966లోనే ఈ భయాన్ని మిగతా భయాల నుంచి విడదీసి రాశారు. మానసిక జబ్బులను గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టులు వాడే పుస్తకంలోకి 1980లో సోషల్ ఫోబియా పేరుతో ఎక్కింది. మన ఇళ్లల్లోనూ ఉండేవారు. చుట్టాలొస్తే పెరట్లోకి వెళ్లిపోయే మేనత్త, బంతి భోజనాల్లో ఎప్పుడూ కనిపించని బాబాయి. "వాడి తీరే అంత" అని వదిలేశారు, అంతే.

సాధన కావాలన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఎలాంటి సాధన అన్నదే తేడా. ఒప్పుకుని, చిన్న మెట్టు నుంచి మొదలుపెట్టి, అవమానం ఎదురుకాని చోట చేసేది ఒకటి. ఉన్నట్టుండి మైకు ముందుకు తోసేది ఇంకొకటి.

రిటైర్డ్_మాస్టారు
ఆ అబ్బాయికి జరిగింది ఘోరం. పిల్లవాడు ఆగిపోతే నవ్వే సారు బడికి పనికిరాడు. కానీ చదివించడమే తప్పంటే ఒప్పుకోను. నేను ముందురోజు సాయంత్రం స్టాఫ్ రూంలో ఒక్కణ్నే కూర్చోబెట్టి చదివించేవాణ్ని. మర్నాడు తరగతిలో, తన బెంచీ దగ్గరే నిలబడి. కొన్నాళ్లకు ప్రార్థనలో, అదీ తోడు ఇంకొకణ్ని పక్కన నిలబెట్టి. ఎవడైనా నవ్వితే మరుసటి రోజు వంతు వాడిదే.

క్లినిక్_కబుర్లు
మీరు చేసిందాన్నే మేం ఎక్స్‌పోజర్ హైరార్కీ అంటున్నాం మాస్టారూ. భయపడేదాని ముందుకు మెట్టు మెట్టుగా వెళ్లడం. మీ పిల్లలు అదృష్టవంతులు.

ఓరుగల్లు_పోరి
నవ్వినోని వంతు మరుసటి రోజు! ఇది మా కాలేజీల పెడ్త మాస్టారూ.

నిశ్శబ్ద_తరంగం
మీలాంటి మాస్టారు దొరికి ఉంటే బాగుండేది. నాకు దారి ఆలస్యంగా దొరికింది. ది ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ అని ఉంది, 2008 నుంచి నడుస్తోంది, నత్తి ఉన్నవాళ్లే నడుపుకుంటారు. అక్కడ మొదట నేర్పింది నత్తిని దాచొద్దని. కొత్తవాళ్లతో "నాకు నత్తి ఉంది, కాస్త టైం పడుతుంది" అని మొదటి వాక్యంలోనే చెప్పేస్తాను. ఆ ఒక్క మాటతో సగం బరువు దిగిపోతుంది. మాట ఇప్పటికీ ఆగుతుంది, నేను మాత్రం ఆగను.

డల్లాస్_మామ
ఈ ప్రాక్టీసు మాట వచ్చింది కాబట్టి. ఆల్బర్ట్ ఎల్లిస్ అని పేరున్న సైకాలజిస్టు, తర్వాత కాలంలో సొంతంగా ఒక థెరపీనే కనిపెట్టాడు. ఆయనకు 19 ఏళ్లప్పుడు ఆడవాళ్లతో మాట్లాడాలంటే వణుకు. న్యూయార్క్‌లో బ్రాంక్స్ బొటానికల్ గార్డెన్‌కి రోజూ వెళ్లి, బెంచీ మీద ఒంటరిగా ఎవరు కూర్చున్నా పక్కన కూర్చుని పలకరించాలని నియమం పెట్టుకున్నాడు. నెలలో 100 మందితో మాట్లాడాడు. ఒక్కావిడ మాత్రం కలుద్దామంది, ఆవిడా రాలేదు. లెక్క ప్రకారం ఘోరంగా ఫెయిల్. కానీ ఎవరూ కొట్టలేదు, పోలీసుల్ని పిలవలేదు, భయం పోయింది. తమ్ముడూ, ఇలా ఏదైనా చెయ్.

తెనాలి_తులసి
దయచేసి ఇక్కడ ఎవరూ ఇలా చేయకండి. పార్కులో ఒంటరిగా కూర్చున్న ఆడపిల్ల మీ ప్రాక్టీసు కోసం కూర్చోలేదు. పక్కన తెలియని మగవాడు వచ్చి కూర్చుంటే ఆమెకు ఎంత భయమో ఆ కథలో ఎవరూ అడగలేదు. పక్కకొచ్చి కూర్చునేవాళ్లని చూసి చూసి నాలాంటివాళ్లం పార్కుకే వెళ్లడం మానేశాం.

మాట్లాడటమే పనిగా ఉన్నవాళ్లతో మొదలుపెట్టండి. కండక్టరు, మెడికల్ షాపు, రైతుబజారు, బ్యాంకు.

డల్లాస్_మామ
న్యాయమైన మాట అమ్మా. ఒప్పుకుంటున్నాను. పనికొచ్చేది ఆ లెక్క, ఆ పార్కు కాదు.

పాతబస్తీ_చాయ్
తులసి అక్క చెప్పిందే కరెక్ట్. సుల్తాన్ బజార్ పోయి ఒక్క బెడ్‌షీట్‌కి బేరం ఆడు భాయ్. వాడు 600 అంటే నువ్వు 250 అను. వాడు నీ మొహం కూడా చూడడు, "లేవు లేవు పో" అంటడు. నాలుగడుగులు నడిస్తే వాడే పిలుస్తడు. కాదనిపించుకుంటే ఏం కాదని అక్కడ తెలిసినంత జల్ది ఎక్కడా తెల్వదు.

ఓరుగల్లు_పోరి
మా అమ్మ బేరం చేస్తుంటే పక్కన నిలబడితె సాలు, ఎక్స్‌పోజర్ థెరపీ మొత్తం అయిపోతది 😂

నెల్లూరు_చేప
మీ అమ్మగారిని ఒకసారి మా ఊరికి పంపండి.

కడప_కారం
ఇంత కష్టమెందుకప్పా. పెండ్లికి పోయే ముందర రెండు పెగ్గులేసుకో, నోరు అదే లేస్తాది.

మానేసిన_మనిషి
కడప అన్నా, ఈ సలహా మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. నేను అచ్చంగా అలాగే మొదలుపెట్టాను. మొదట పెళ్లిళ్లకు, తర్వాత ఆఫీసు పార్టీలకు, ఆ తర్వాత ఇంటికి చుట్టాలొచ్చినా. చివరికి మా అత్తగారితో ఫోన్‌లో మాట్లాడాలన్నా కావాల్సి వచ్చేది. మందు మాన్పించడానికి వెళ్తే అక్కడి సైకియాట్రిస్టు అడిగిన మొదటి ప్రశ్న, "నలుగురిలో ఉండాలంటే భయమా?" అప్పటిదాకా నన్ను ఎవరూ అది అడగలేదు. పైన క్లినిక్ గారు చెప్పిన సేఫ్టీ బిహేవియర్ ఇదే కదా. అన్నిట్లోకీ చెడ్డది.

కడప_కారం
సరే అన్నా. ఆ మాట వెనక్కి తీసుకుంటి.

నెల్లూరు_చేప
గోళీలు ఏమైనా ఉన్నాయా దీనికి? మా కొలీగ్ ప్రెజెంటేషన్‌కి ముందు ఏదో వేసుకుంటాడు.

క్లినిక్_కబుర్లు
నేను మందులు రాయను, అది సైకియాట్రిస్టు పని. తెలియాల్సినవి చెప్తాను. మీ కొలీగ్ వేసుకునేది బహుశా ప్రొప్రనలాల్. గుండె దడ, చేతి వణుకు తగ్గిస్తుంది, స్టేజీ మీద ఒక్క పూటకు కొందరు వాడతారు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం. కాబట్టి పక్కసీటువాడి దగ్గర తీసుకుని మింగే మాత్ర కాదు. సెర్ట్రలిన్, పారొక్సెటిన్ లాంటివి రోజూ వాడేవి, గుణం కనిపించడానికి వారాలు పడుతుంది, ఉన్నట్టుండి ఆపకూడదు. అల్ప్రజోలం లాంటివి అలవాటు పడిపోతాయి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకండి. ఒక్కోసారి థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా దడ, వణుకు ఉంటాయి, ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది.

ఏకాంతం_ఇష్టం
నాకో సందేహం. అందరూ గలగలా మాట్లాడాల్సిందేనా? నాకు ఒంటరిగా ఉండటమే హాయి. మాటకారి కాకపోతే జబ్బేనా?

ఓరుగల్లు_పోరి
కాదక్కా. పిలిస్తే పోగల్గుతవు, కానీ ఇంట్ల పుస్తకం చదువుకుందామనిపించి పోవు. అది నీ ఇష్టం. నాకు పోవాలనే ఉండె, పోలేక ఇంట్ల కూసొని ఏడ్సుడు. ఇప్పుడు నేను కూడ పది ఫంక్షన్లల్ల ఎనిమిది ఎగ్గొడ్త, నిమ్మలంగ నిద్రపోత.

ఏకాంతం_ఇష్టం
అన్న కాని, అక్క కాదు 🙂 అర్థమైంది.

గోదారి_గట్టు
మాది పల్లెటూరండి. సైకాలజిస్టు కావాలంటే రాజమండ్రి వెళ్లాలి, వెళ్తే "పిచ్చాసుపత్రికెందుకు వెళ్లాడు" అని ఊరంతా కూస్తుంది. సెషన్‌కి వేలల్లో ఉంటుందంటున్నారు. మాలాంటోళ్ల సంగతేంటి?

క్లినిక్_కబుర్లు
14416కి ఫోన్ చేయండి. టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. అవసరమైతే దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో వాళ్లే చెప్తారు. ప్రభుత్వ వైద్య కళాశాలల ఆస్పత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. విశాఖ చినవాల్తేరు, హైదరాబాద్ ఎర్రగడ్డ ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ ఓపీ చూస్తారు, అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది మీలాగే ఉద్యోగాలు, చదువులు చేసుకుంటున్నవాళ్లే.

ప్రైవేటుగా వెళ్లేవాళ్లకు ఒక మాట. బోర్డు మీద సైకాలజిస్ట్ అని ఎవరైనా రాయించుకుంటున్నారు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. "సీబీటీ చేస్తారా, క్లినిక్ బయట కూడా ప్రాక్టీసు చేయిస్తారా" అని కూడా అడగండి. మొదటి రోజే "రెండు సిట్టింగుల్లో పోగొడతాం" అంటే లేచి వచ్చేయండి.

బుజ్జమ్మ_తల్లి
మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి. మా పాపకు ఆరేళ్లు. ఇంట్లో వాగుడుకాయ. బడిలో మాత్రం చేరినప్పటి నుంచీ ఒక్క మాట కూడా లేదు. బాత్‌రూంకు వెళ్లాలన్నా టీచర్ని అడగదు. పొగరనుకుంటున్నారు. ఇదీ అదేనా?

క్లినిక్_కబుర్లు
చూడకుండా చెప్పలేనమ్మా, కానీ సెలెక్టివ్ మ్యూటిజం అనేది ఇలాగే ఉంటుంది. అది పొగరు కాదు, మొండితనమూ కాదు, భయంతో గొంతు పెగలకపోవడం. చైల్డ్ సైకాలజిస్టుకు చూపించండి, ఎలాగూ చెవులు కూడా ఒకసారి పరీక్ష చేయించండి. ఈలోగా "ఏదీ, ఆంటీకి నమస్తే చెప్పు" అని పదిమందిలో ఒత్తిడి పెట్టొద్దు, ఒక్క మాటకు చాక్లెట్ అని ఆశ పెట్టొద్దు. బడి వదిలాక ఖాళీ క్లాసురూంలో మీరూ పాపా ఆడుకోండి. అక్కడ మీతో మాట్లాడటం అలవాటయ్యాక టీచరు దూరంగా ఒక మూల కూర్చోవాలి, రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా దగ్గరికి రావాలి. ఆలస్యం చేయకండి, ఈ వయసులో త్వరగా దారిలో పడతారు.

రిటైర్డ్_మాస్టారు
టీచరుకు ఈ పోస్టు చదివించమ్మా. వినకపోతే హెడ్మాస్టరును కలువు.

డల్లాస్_మామ
టోస్ట్‌మాస్టర్స్ గురించి ఎవరూ చెప్పలేదేం? నలుగురిలో మాట్లాడటం ప్రాక్టీసు చేసే క్లబ్బులు. 1924లో కాలిఫోర్నియాలో శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టాడు, ఇప్పుడు హైదరాబాద్‌లో కూడా క్లబ్బులున్నాయి. టేబుల్ టాపిక్స్ అని ఉంటుంది. అప్పటికప్పుడు ఒక విషయం ఇస్తారు, ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి. మనం ఎన్నిసార్లు "ఆ... అంటే..." అన్నామో లెక్కపెట్టే మనిషి ఒకరుంటారు. ఇక్కడికొచ్చిన కొత్తలో ఆఫీసు కాల్స్‌లో వాళ్ల ఇంగ్లిషుకు నేను బిగుసుకుపోయేవాణ్ని. ఆ క్లబ్బే నన్ను నిలబెట్టింది.

నిశ్శబ్ద_తరంగం
మంచిదే, కానీ మొదటి మెట్టుగా కాదు. లెక్కపెట్టే మనిషిని చూసి నాకు చెమటలు పట్టాయి. రెండు మూడు మీటింగులకు గెస్టుగా వెళ్లి ఊరికే కూర్చోండి, మాట్లాడమంటే వద్దనొచ్చు.

తెనాలి_తులసి
"అందరూ నన్నే చూస్తున్నారు" అనే దాని మీద ఒక ప్రయోగం క్లాసులో చెప్పుకున్నాం. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీవాళ్లు చేశారు, 2000లో వచ్చింది. కుర్రాళ్లకు బ్యారీ మానిలో అనే పాటగాడి బొమ్మున్న టీషర్టు తొడిగారు. వాళ్ల వయసువాళ్లకు అది వేసుకోవడం పరువు తక్కువ. అలా వేరే విద్యార్థులున్న గదిలోకి పంపారు. "ఎంతమంది గమనించి ఉంటారు" అంటే సగంమంది దాకా అన్నారు. నిజంగా గమనించింది దాదాపు పావువంతు.

పాతబస్తీ_చాయ్
అందరూ వాళ్ల వాళ్ల టీషర్టు ఫికర్ల ఉంటరు.

చివరి_బెంచీ
ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం ఉంది. మీ మాటలు చదివాక అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, అప్పటి నుంచి వారం వారం వెళ్తున్నాను. పెళ్లి కూడా అయింది. నాది కాదు, చెల్లెలిది.

మా మేడం మొదట ఒక పట్టిక గీయించారు. ఒకవైపు "ఏం జరుగుతుందనుకుంటున్నాను, ఎంత నమ్మకం". రెండోవైపు "ఏం జరిగింది". మొదటి పని షేర్ ఆటో. "గొంతు కీచుమంటుంది, అందరూ తిరిగి చూస్తారు, 80 శాతం" అని రాశాను. ఎక్కాను. మా వీధి మలుపు వస్తుంటే "అన్నా, ఆపు" అన్నాను. ఇంజిన్ మోతలో వినపడలేదు. చెవులు వేడెక్కిపోయాయి. ఇంతకుముందైతే అక్కడితో వదిలేసేవాణ్ని. మళ్లీ గట్టిగా అన్నాను. గొంతు నిజంగానే కీచుమంది. పక్కన మూట పట్టుకుని కూర్చున్న పెద్దాయన డ్రైవరు భుజం తట్టి "ఓ అబ్బాయ్, దిగేవాళ్లున్నారు" అన్నాడు. ఎదురుగా ఉన్నావిడ రీల్స్ చూస్తూ తలే ఎత్తలేదు. 20 ఇచ్చి, చిల్లర కూడా అడిగి తీసుకున్నాను.

పెళ్లిలో ఇచ్చిన పని వడ్డన. చెయ్యి వణుకుతుందనే కదా నా భయం, అందుకని సాంబారు బకెట్టే తీసుకోమన్నారు. మొదటి బంతిలోనే గరిటె వణికి ఒకాయన విస్తరి పక్కన పడింది. చచ్చాను అనుకున్నాను. ఆయన విస్తరి ఇటు జరుపుకుని "కాస్త అన్నం మీద కూడా పొయ్యి బాబూ" అన్నాడు, పక్కాయన నవ్వాడు, నాకూ నవ్వొచ్చింది. మూడో బంతికి నేను చేతిని చూసుకోవడమే మర్చిపోయాను.

అన్నీ ఇలా లేవు. "పెళ్లెప్పుడు, ప్యాకేజీ ఎంత" అని అత్తయ్యలు చుట్టుముడితే ఫోన్ వచ్చినట్టు నటించి బయటికి వెళ్లాను. రాత్రి పడుకున్నాక ఆ సాంబారు మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది. స్టాండప్‌లో నోట్‌ప్యాడ్ కూడా ఇంకా వదల్లేదు.

గోదారి_గట్టు
"అన్నం మీద కూడా పొయ్యి బాబూ" 😄 ఆయనకి దణ్ణం పెట్టాలండి. నేను కూడా 14416కి చేశాను. ఆడమనిషి మాట్లాడారు, చక్కగా విన్నారు.

క్లినిక్_కబుర్లు
చాలా సంతోషం. ఒక్కటి గమనించండి. వడ్డన మంచి ప్రయోగం, కానీ పెళ్లిలో పనిలో దూరిపోయి మాటలు తప్పించుకునేవాళ్లు చాలామంది ఉంటారు. బకెట్టు చేతిలో ఉంటే ఎవరూ "ప్యాకేజీ ఎంత" అనరు. అంటే బకెట్టు కూడా నోట్‌ప్యాడ్ అయిపోవచ్చు. మీరు బంతిలో కూర్చుని తిన్నారా?

చివరి_బెంచీ
ఈ ప్రశ్న మా మేడం కూడా అడిగారు! చివరి బంతిలో కూర్చున్నాను. పక్కన పెళ్లికొడుకు తరఫు ఆయన, ఏం మాట్లాడాలో తెలియక "పూర్ణాలు బాగున్నాయండి" అన్నాను. ఆయన వాళ్ల ఊళ్లో ఎవరు బాగా చేస్తారో, ఆ వంటమనిషి తాత సంగతి కూడా చెప్పుకొచ్చారు. నేను "అవునా" అనడం తప్ప చేసిందేమీ లేదు.

రిటైర్డ్_మాస్టారు
అవునా అని వినేవాడు దొరకడమే కష్టం నాయనా ఈ రోజుల్లో. అత్తయ్యలకు మాత్రం ఒక జవాబు సిద్ధం చేసుకో.

ఓరుగల్లు_పోరి
సిద్ధం చేసుకోవద్దు మాస్టారూ, అది మళ్ల నోట్‌ప్యాడే అయితది! ఫోన్ తీయకుంట ఆడనే నిలబడి, నోటికొచ్చింది చెప్పాలె. రాత్రి గుర్తొచ్చుడు నాక్కూడ చివరిదాక ఉండె, అది అన్నిటికంటే ఆఖర్ల పోతది.

కడప_కారం
నేను మొదట్లో మొగమాటమని తీసిపారేస్తి. ఇదంతా చదివినాక మా తమ్మునితో మాట్లాడితి. వాడు బీటెక్ అయిపోయినా ఇంటర్వ్యూలకు పోవడంలే. సోమరితనం అనుకుంటా ఉన్న్యాం ఇంట్లో. హైదరాబాదులో మీ మేడం పేరు మెసేజిలో పెడతావా తమ్ముడూ?

చివరి_బెంచీ
పెట్టానన్నా, చూడండి. ఆన్‌లైన్‌లో కూడా చూస్తారు.

నాకు వచ్చే వారం పని ఆఫీసు టౌన్‌హాల్ మీటింగ్‌లో ఒక ప్రశ్న అడగడం. రాసుకోకుండా, కెమెరా ఆన్ చేసి. ప్రశ్న ఏదైనా పర్వాలేదన్నారు.

పాతబస్తీ_చాయ్
క్యాంటీన్ల చట్నీ ఎందుకు నీళ్లలెక్క ఉందని అడుగు. మొత్తం కంపెనీ నీ వెనక నిలబడ్తది.

చివరి_బెంచీ
నిజంగానే నీళ్లలా ఉంటుంది. అదే అడుగుతా. పట్టికలో "అందరూ నవ్వుతారు, 90 శాతం" అని రాసుకున్నాను. గురువారం మీటింగ్.

క్లినిక్_కబుర్లు
చట్నీ అంటే నవ్వుతారు లెండి. "నవ్వాక ఏం జరుగుతుంది" అని ఇంకో గడి గీసుకోండి. శుక్రవారం ఇక్కడ రాయండి.